మేఘం కనబడలేదని రాసిచ్చాను

ఆగస్టు 11

నాయనా,

నీ ఈశ్వరి రాస్తున్నాను. ముందు కూర్చో, ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు. అమ్మకు చెప్పాలో వద్దో చదివాక నువ్వే తేల్చుకో.

వానల వల్ల ఈ పైలట్ స్కూల్లో విమానాలు ఎగరడం లేదని పోయిన రెండు ఉత్తరాల్లోనూ రాశాను కదా. అది అబద్ధం. విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. నన్నొక్కదాన్నే ఎగరనివ్వడం లేదు. నేలమీద కూర్చోబెట్టి ఈ రోజుకు ఇరవై రెండు రోజులు. బోరు బండి పక్కన ఇరవై ఏండ్లు నిలబడి నీ చెవులు పోయాయి గానీ, ఫోన్‌లో నా గొంతు వినగలిగితే మొదటి రోజే పట్టేసేవాడివి. కాగితం మీద అబద్ధం ఎంత సుళువుగా నిలబడుతుందో నాకూ ఇప్పుడే తెలిసింది.

నన్ను ఆపేసిన రోజు నేనొక్కదాన్నే విమానం తీసుకుపోవాలి. అట్లా పోవడం కొత్తేమీ కాదు, అప్పటికి ఏడుసార్లు పోయి వచ్చాను. మాకు నేర్పే పద్మప్రియ మేడం కర్నూలు వైపు ఆవిడ. ఎక్కే ముందు ఆమె ఒకటే మాట చెప్పారు. "నిలువునా లేచిన నల్ల మేఘం కనబడితే దాని దరిదాపులకు పోవద్దు. సగం దూరం పోయినా సరే, వెనక్కి తిరిగి వచ్చేయ్." బుద్ధిగా తల ఊపాను. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు కూడా వచ్చాయి.

అరగంట తర్వాత పడమట మేఘం లేచింది. ఉరవకొండలో పుట్టి పెరిగినదాన్ని, అంత మేఘం నేనెన్నడూ చూడలేదు నాయనా. దాని అడుగు నుంచి వాన దిగుతోంది. కింద ఎర్రనేల తడిసి నల్లబడడం నాకు పైనుంచి కనబడుతోంది. మన ఊళ్లో మోడం పట్టిందంటే చేతిలో పని వదిలేసి అందరం బయటికొచ్చి నిలబడతాం కదా. పొయ్యి మీద సంగటి మాడిపోతున్నా అమ్మ లోపలికి పోదు. నాకూ అదే అయింది. భయం వేయలేదు, సంతోషమైంది. చెయ్యి దానంతటదే విమానాన్ని అటు తిప్పింది. ఇంకాస్త దగ్గరగా చూద్దాం, ఇంకాస్త చూద్దాం అనుకుంటూ పోయాను.

అంతే, గుంతల రోడ్డు మీద ఆటోలాగా విమానం ఎగిరెగిరి పడింది. తల పైకప్పుకు కొట్టుకుంది. ఒక్క ఊపులో కొన్ని వందల అడుగులు కిందికి జారిపోయాను. అప్పుడొచ్చింది బుద్ధి. ఎట్లా తిప్పుకుని వచ్చి దిగానో నాకే తెలియదు.

విమానం పోయిన దారి తెరమీద చూసి, "ఎందుకు వెళ్లావు అంత దగ్గరికి?" అని మేడం అడిగారు. "కనబడలేదు మేడం" అన్నాను. జరిగింది రాసివ్వమని ఫారం ఇస్తే అందులోనూ అదే రాసి సంతకం పెట్టాను. వాన చూసి సంబరపడి పోయానంటే పల్లెటూరి పిచ్చిదని నవ్వుతారని సిగ్గు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే ఉంది నా తెలివి. అంత మేఘం కనబడలేదంటే కళ్లలో ఏదో లోపం ఉందని డాక్టర్ల దగ్గరికి పంపారు. రెండుసార్లు చూశారు, ఏ లోపమూ లేదన్నారు. ఇప్పుడు ఇంకా పెద్ద డాక్టర్ల దగ్గరికి పంపుతారట. లోపం ఉందని తేలితే పైలట్‌ను కాలేను. లేదని తేలితే అబద్ధాలకోరునని తేలుతుంది, అప్పుడూ పంపించేస్తారు.

అందుకే వాళ్లు పొమ్మనక ముందే నేనే వచ్చేస్తున్నాను. ఇరవై అయిదో తేదీకి రైలు టికెట్ తీశాను. దరఖాస్తు నింపిన రోజు, వందల మందిని ఎక్కించుకుని తిప్పుతానని ఇంటింటికీ పోయి గొప్పలు చెప్పుకున్నాను. ఇప్పుడు వాళ్ల ముఖాలు చూడలేను. నువ్వు అనంతపురం స్టేషన్‌కు రావద్దు.

నీ బిడ్డ,
ఈశ్వరి


ఉరవకొండ
ఆగస్టు 16

ఈశ్వరమ్మా,

జాబు చేరినాది. మీ అమ్మకు చదివి వినిపించినా. "అంత వాన చూసి పోకుంటే అది నా కూతురే కాదు" అనింది. ఏడుస్తానే అనిందిలే.

నాకు రాసేది పెద్దగా రాదు, ఒక సంగతి చెప్తా. నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు కదిరప్ప చేన్లో బోరు వేస్తిమి. నాలుగు నూర్ల అడుగులు పోయినా ఉత్త దుమ్మే. పైకొచ్చే దుమ్ము చేత్తో పట్టి చూసేది నా పని గదా. తేమ ఉంటే ఉందనల్ల, లేకుంటే బండి ఆపమనల్ల. కదిరప్ప రాయి మీద కూచోని నా మొగమే చూస్తాండాడు. లేదనేకి నాకు నోరు రాలేదు. "తేమ తగుల్తాండాది కదిరప్పా" అన్నా. ఆ మాట నమ్మి ఇంగా మూడు నూర్ల అడుగులు దించిపిచ్చినాడు. దుమ్మే వచ్చినాది. ఆ పొద్దు నుంచి నేను ఆయన చేను దావన పోలేదు. మైలు దూరం చుట్టేసుకోని పోతాండా. ఎవురికీ చెప్పలేదు, నీకే చెప్తాండా.

మోడం తావుకు పోయింది తప్పే. దానికి వాళ్లు ఏ శిక్ష వేసినా పడు. అయితే సిగ్గుపడాల్సింది దానికి కాదమ్మా. కండ్లు బాగుండే బిడ్డవు, కనపడలేదని రాసిస్తివి. రేపు నీ ఎనక నూరుమంది కూచుంటారు. నువ్వు చూసింది చూసినట్ల చెప్తావని నమ్మి కూచుంటారు.

పోయి ఆ మేడంకు ఉన్నది ఉన్నట్ల చెప్పు. చెప్పినాక ఆమె పొమ్మంటే రా, స్టేషన్లో నేనుంటా. చెప్పకుండా వస్తే మాత్రం నేను రాను.

మీ నాయన,
తిప్పయ్య


అక్టోబరు 6

నాయనా,

టికెట్ రద్దు చేసుకున్నానని కార్డు రాశాను, అంది ఉంటుంది. మిగతాది అప్పుడు రాయలేదు, ఏమవుతుందో నాకే తెలియదు కాబట్టి.

నీ ఉత్తరం వచ్చిన పూటే మేడం గదిలోకి పోయాను. "మేఘం కనబడింది మేడం. చూసే పోయాను. మాది అనంతపురం జిల్లా, వాన కనబడితే మేము దగ్గరికే పోతాం" అన్నాను.  దాంతో మేడం మన మాటలోకి దిగారు. "మాది ఆలూరు తావ, మాకూ వాన కరువే. ఆ సంగతి నాకు చెప్పల్నా? నీ కండ్లకు ఏమయ్యిందో అని నేను తిండీ నిద్రా లేకుండా ఉండా. ఈ మాట ఆ దినమే చెప్పింటే పది దినాల్లో మళ్లా ఎక్కించుందును." నేను అక్కడే ఏడ్చేశాను. "ఏడ్చినా అబద్ధానికి శిక్ష తప్పదు" అన్నారు.

తప్పలేదు. పెద్దల ముందు నిలబడి ఫారం మార్చి రాసిచ్చాను. ఇంకో నెల నేలమీదే. పైగా రోజూ పొద్దున విమానాలు లేచే ముందు, ఏ మేఘం ఎక్కడుందో, ఎటు పోతోందో నేనే అందరికీ చెప్పాలి. మొదటి రోజు మాట తడబడింది. నాలుగో వారానికి నాతో నేర్చుకునే పిల్లలు నన్ను వెతుక్కుంటూ వచ్చి అడగడం మొదలుపెట్టారు. నువ్వు కదిరప్ప చేను దావన పోయినావా మరి? నాకు చెప్పి నువ్వు తప్పించుకుంటే ఎట్లా, అది కూడా రాయి.

నిన్న మళ్లీ నన్ను ఒక్కదాన్నే పంపారు. పోవలసిన చోటికి ఇంకో పది నిమిషాలు ఉందనగా ఎదురుగా మేఘం లేచింది. కింద వాన మొదలైంది. "ముందు మేఘం ఉంది, నాకు కనబడుతోంది, వెనక్కి వస్తున్నాను" అని రేడియోలో చెప్పి తిప్పేశాను. తిప్పాక ఏడుపు ఆగలేదు నాయనా. అంత వాన కురుస్తుంటే దానికి వీపు పెట్టి పోవడం మన ఇంట్లో ఇంతవరకు ఎవరూ చేయలేదు. నేనే చేశాను.

దిగాక మేడం నా ముఖం చూసి, "కండ్లేంది అట్ల ఎర్రగుండాయి?" అని అడిగారు.

"వాన వదిలేసి వచ్చినా మేడం" అన్నాను.

 ఆమె నేను ఎగిరిన లెక్క రాసే పుస్తకం తీసుకుని సంతకం పెట్టి, సోమవారం ఉదయం ఎగిరేవాళ్ల వరుసలో మొదటి పేరు నాది రాశారు.

నీ బిడ్డ,
ఈశ్వరి