పక్క సీటు బ్రేకు

జూన్ 8, ఆదివారం

ఈ డైరీ నర్సు ఇచ్చింది. రాసుకుంటే మనసు తేలికవుతుందట. చూద్దాం.

ఈ రోజు మళ్ళీ ఆట మొదలుపెట్టాం. అన్నయ్య పోయాక ఇదే మొదటిసారి. మొదలుపెట్టకుండా ఉంటేనే బాగుండేది.

మేడ మీద గదిలో అదే బల్ల. కింద నాన్న డ్రైవింగ్ స్కూల్ ఆఫీసు, షట్టర్ దించేసి ఉంది. పొడుగు వచ్చాడు, మేమంతా అతన్ని అట్లాగే పిలుస్తాం. లిఫ్టులు రిపేర్ చేస్తాడు, చిన్నప్పటి నుంచీ అన్నయ్య స్నేహితుడు. నర్సు కూడా వచ్చింది, నాతో చదువుకుంది. ఇద్దరూ అన్నయ్య కుర్చీ వైపు చూడకుండా కూర్చోవడానికి నానా తంటాలు పడ్డారు. ఆ కుర్చీ ముందే తీసేసి ఉండాల్సింది. చేతులు రాలేదు.

ఆట అంటే రోబోల యుద్ధం. కొలిమి దళం, తుప్పు దళం. ప్రతి రోబో ఏదో ఒక బండిగా మారగలదు. వీళ్ళిద్దరూ, అన్నయ్యా కొలిమి దళం. తుప్పు దళం మొత్తం, ఊళ్ళూ, వంతెనలూ, వానా ఎండా అన్నీ నేనే. ఏం జరిగిందో నేను చెప్తాను, ఏం చేస్తారో వాళ్ళు చెప్తారు, అది అవుతుందో లేదో పాచికలు చెప్తాయి. పొడుగుది క్రేన్. నర్సుది చెత్త లారీ. హాస్పిటల్లో చేసేదీ అదేగా, ఇక్కడైనా కాస్త గౌరవం దక్కుతుందని తీసుకుందట. అన్నయ్యది డ్రైవింగ్ స్కూల్ కారు. నెత్తిన ఎల్ బోర్డు, లోపల రెండు బ్రేకులు, ఒకటి నేర్చుకునేవాడికి, ఒకటి పక్క సీట్లో నేర్పేవాడికి. రోబో పేరు కూడా ఎల్ బోర్డే. యుద్ధానికెళ్ళే రోబోకి రెండు బ్రేకులేంట్రా అని పొడుగు నవ్వితే, మా నాన్న పెంచినవాడికి ఉంటాయిరా అన్నాడు అన్నయ్య.

మా బల్ల దగ్గర ఒక రూల్ ఉంది. ఎవరు రాకపోతే వాళ్ళ రోబో బండిగా మారి పక్కన పార్క్ అయి ఉంటుంది. పార్క్ అయిన బండికి ఏ దెబ్బా తగలదు. జలుబు చేసినవాళ్ళ కోసం పెట్టుకున్న రూల్ అది.

ఎల్ బోర్డు ఎక్కడున్నాడు అని పొడుగు మెల్లగా అడిగాడు. పార్క్ చేసి ఉన్నాడు అన్నాను.

జూన్ 15, ఆదివారం

క్రేన్ ఈ రోజంతా ఎల్ బోర్డుకి తాడు కట్టి లాక్కుంటూ నడిచింది. నేను చెప్పలేదు. పొడుగే కట్టాడు.

జూన్ 19, గురువారం

నాన్న గురించి రాయాలి. ఎన్నాళ్ళని తప్పించుకుంటాను?

అన్నయ్య పోయిన రోజు వాన. మర్నాడు కొత్త బ్యాచ్. కారుకి కొత్త ఎల్ బోర్డు స్టిక్కర్లు తేవాలి. వాన తగ్గాక వెళ్తాడులే అని అమ్మ అంది. ఇప్పుడే వెళ్ళిరా, కొట్టు కట్టేస్తారు అని నాన్న అన్నాడు. అన్నయ్య బైకు తీసుకెళ్ళాడు. స్టిక్కర్ల కొట్టుకి ముందు మలుపులో బండి జారింది. అంతే.

అప్పటి నుంచి నాన్న కారెక్కలేదు. కారు కింద వాకిట్లో కవరు కప్పుకుని ఉంది. నేర్చుకునేవాళ్ళు ఫోన్ చేస్తే, సార్‌కి ఒంట్లో బాగాలేదండీ అని అమ్మే చెప్తుంది. నాన్న హాల్లో కుర్చీలో కూర్చుంటాడు. కూర్చున్నా కుడికాలు ఊరుకోదు. నేలకేసి నొక్కుతూనే ఉంటుంది, పక్క సీట్లో ఉన్నట్టు. అక్కడ చాప అరిగిపోయింది.

ఇప్పుడే వెళ్ళిరా అన్న ఆ మాట అమ్మ ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాన్నా ఎత్తలేదు. అమ్మ ఒకసారి నోరారా తిట్టేసి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేదేమో. ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుంటున్నారు. భోజనానికి రండి. వస్తున్నాను. నాకు చూస్తే భయమేస్తోంది. అన్నయ్య పోయాడు, ఈయన కూడా ఆ కుర్చీలోనే కొద్దికొద్దిగా పోతున్నాడు.

జూన్ 22, ఆదివారం, మధ్యాహ్నం

నాన్న మేడ మీదికి వచ్చాడు!

టేపు ఎక్కడుందని అడగడానికి వచ్చాడు. అడిగి, బల్ల వైపు చూసి, ఆగిపోయాడు. మధ్యలో ఎల్ బోర్డు బొమ్మ ఉంది. రేకుతో అన్నయ్యే చేశాడు. కీళ్ళకి నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు నుంచి స్క్రూలూ, విరిగిన ఫ్రేముల మడతలూ తెచ్చిచ్చాను. మడిస్తే కారు, విప్పితే రోబో.

ఇది మన కారే కదా అన్నాడు నాన్న. నంబర్ కూడా అదే రాశాడు వెధవ అన్నాడు. అవును అన్నాను. ఎవరిదని అడగలేదు. ఇక్కడెందుకు పెట్టారు అన్నాడు. పార్క్ చేశాం అన్నాను. ఎప్పటి నుంచి అన్నాడు.

నర్సు పాచికలు ఏరి దగ్గరికి పెట్టింది.

అట్లా వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుందమ్మా, వారానికి ఒక్కసారైనా స్టార్ట్ చెయ్యాలి అన్నాడు. అన్నయ్య కుర్చీ ఖాళీగానే ఉంది. దాంట్లో కూర్చోలేదు. పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నాకేం చెయ్యాలో తోచక, అయితే స్టార్ట్ చెయ్యి నాన్నా అన్నాను. ఖాళీ కుర్చీ ముందుకి చెయ్యి చాచి గాల్లో తాళం తిప్పాడు. స్టార్ట్ చేశాను అన్నాడు. కాసేపు విన్నాడు. ఇంజను చప్పుడు బాగానే ఉందన్నాడు. ఆపేశాను అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. నర్సుకి తెలిసింది. ఏడ్చింది.

టేపు తీసుకెళ్ళనే లేదు.

జూలై 6, ఆదివారం

నాన్న మూడో వారం కూడా వచ్చాడు. స్టార్ట్ చేస్తాడు, ఆపేస్తాడు. కానీ ఇప్పుడు వెంటనే వెళ్ళిపోవడం లేదు. పొడుగు క్రేన్‌ని తప్పుగా రివర్స్ చేస్తున్నాడట. అద్దం చూడకుండా వెనక్కి పోతే తుప్పు దళం దాకా ఎందుకు, గోడే చంపుతుంది అన్నాడు. పొడుగు సారీ అంకుల్ అని మళ్ళీ రివర్స్ చేశాడు. నర్సు పొట్ట పట్టుకుని నవ్వింది.

తర్వాత నాన్న నన్నడిగాడు, శత్రువులని ఎవరు ఆడిస్తున్నారని. నేనే అన్నాను. మరి వీళ్ళకి దారి చూపించేది? అదీ నేనే. రెండు పక్కలా నువ్వే ఉన్నప్పుడు ఈ యుద్ధం ఆపేయొచ్చు కదమ్మా అన్నాడు.

ఆట అన్నాక కొట్టుకోవాలి నాన్నా అన్నాను. తల ఊపాడు. వెళ్ళేముందు ఈసారి ఆపేశాను అనలేదు. నెమ్మదిగా వాళ్ళ వెనకాలే పోనిస్తాను అన్నాడు. పొడుగు తాడు విప్పేశాడు.

ఎల్ బోర్డు కదిలాడు.

జూలై 9, బుధవారం

ఒళ్ళు మండిపోతోంది. కారు తీసుకెళ్ళిపొమ్మని మెకానిక్‌కి నాన్న కబురు పెట్టాడట. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాడట. అమ్మ చెప్పింది, కూర తరుగుతూ, అదేదో పేపరాయన రాలేదన్నట్టు.

హాల్లోకి వెళ్ళి అరిచాను. రేకు కారుకి వారం వారం బ్యాటరీ చూస్తావు, వాకిట్లో నిజం కారుని మాత్రం ఊడ్చి అవతల పారేస్తావా అన్నాను. అది వేరు అన్నాడు. ఏం వేరు అన్నాను. దాంట్లో నేను పక్క సీట్లో కూర్చోవాలి, డ్రైవర్ సీట్లో ఎవరు కూర్చుంటారు అన్నాడు.

ఊళ్ళో సగం మంది కూర్చున్నారు ఆ సీట్లో. నేను తప్ప. డ్రైవింగ్ స్కూల్ వాళ్ళమ్మాయికి క్లచ్ ఏదో బ్రేకు ఏదో తెలియదు. అన్నయ్య నేర్పుతానన్నాడు, నేను బద్ధకించాను. ఆ మాట నాన్నతో అనలేదు. వచ్చి తలుపు వేసుకున్నాను.

జూలై 13, ఆదివారం

ఈ రోజు మోసం చేశాను.

ఎల్ బోర్డు ఇప్పుడు పార్క్ చేసి లేడు కాబట్టి దెబ్బ తగలొచ్చు. తుప్పు దళం ఫిరంగి పేల్చింది. పాచికలు వేశాను. తగిలింది, గట్టిగా. చెయ్యి అడ్డం పెట్టి, తప్పిపోయింది అని చెప్పాను. పొడుగు అమ్మయ్య అన్నాడు.

మెట్ల దగ్గర నాన్న నన్ను ఆపాడు. చెయ్యి అడ్డం పెట్టావు అన్నాడు. అద్దం చూశాను సార్ అని అబద్ధం చెప్పేవాళ్ళని ఇన్నేళ్ళు చూశానమ్మా, నువ్వెంత అన్నాడు. కోప్పడలేదు. అందరూ నా ముందు చెయ్యి అడ్డం పెట్టుకునే తిరుగుతున్నారు, నువ్వైనా మానెయ్యి అన్నాడు.

జూలై 18, శుక్రవారం

షాపుకి ఒకాయన స్క్రూ వదులైన కళ్ళజోడు తెచ్చాడు. బిగించి ఇచ్చి, లోపలికెళ్ళి ఏడ్చాను. అన్నయ్య నన్ను స్క్రూ అని పిలిచేవాడు. ఇంక ఎవరూ పిలవరు.

జూలై 27, ఆదివారం, సాయంత్రం

వంతెన. అన్నయ్య ఉన్నప్పుడే అనుకున్న ఆఖరి ఘట్టం ఇది. వంతెన సగం విరిగి ఉంటుంది, వెనకాల తుప్పు దళం తరుముకొస్తుంటుంది. ఎవరో ఒకరు రోబోగా మారి కింద నిలబడి భుజాల మీద మోస్తే మిగతావాళ్ళు దాటగలరు. క్రేన్ మోస్తుందిలే అనుకున్నాను అప్పుడు.

క్రేన్ మోయబోయింది. పాచికలు కలిసిరాలేదు, చెయ్యి విరిగింది. చెత్త లారీ మారబోయింది. అదీ కాలేదు. చెయ్యి అడ్డం పెట్టలేదు నేను. పడినవి పడినట్టే చెప్పాను. ఇక మిగిలింది ఎల్ బోర్డు.

పొడుగు పాచికలు పక్కకి నెట్టాడు. అంకుల్, మీరు పార్క్ చేసేయండి, ఆట ఇక్కడితో ఆపేద్దాం అన్నాడు. ఆపేద్దామనే నాకూ అనిపించింది.

మారాలంటే ఏం చెయ్యాలమ్మా అని నాన్న అడిగాడు. మారుతున్నా అంటే చాలు నాన్నా అన్నాను. నేనెట్లా అంటాను, నేను మొదటి రోజు నుంచీ పక్క సీట్లోనే ఉన్నాను కదా, డ్రైవర్ సీటు వాడిది, నా దగ్గరున్నది బ్రేకొక్కటే అన్నాడు.

నేను బల్ల కిందికి చూశాను. కుడికాలు నేలకేసి నొక్కి ఉంది.

కాలు తీసేస్తున్నాను అన్నాడు నాన్న. నిజంగానే తీశాడు.

బొమ్మని నేను విప్పాను. ముందు తలుపులు, తర్వాత డిక్కీ, ఆఖర్న పైకప్పు. కారు నెత్తిన ఉన్న ఎల్ అక్షరం పలక వచ్చి రోబో గుండె మీద కూర్చుంది. నాన్న దాన్ని రోబోగా ఎప్పుడూ చూడలేదు. ఇంత పొడుగుంటాడా వీడు అన్నాడు.

రెండుసార్లు వేశాను. ఒకటి మిగతావాళ్ళ కోసం, ఒకటి ఎల్ బోర్డు కోసం. మొదటిది మంచిది పడింది. రెండోది ఒకటి. అంతకంటే తక్కువ లేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. ఉన్నది చెప్పు అన్నాడు నాన్న.

చెప్పాను. వాళ్ళిద్దరూ దాటేశారు. వంతెన కూలింది. ఎల్ బోర్డు దాని కింద ఉండిపోయాడు. బయటికి తీసే దారి లేదా అన్నాడు. లేదు నాన్నా అన్నాను. వెంటనే పోయాడా అన్నాడు. వెంటనే అన్నాను. ఆ రోజు డాక్టరు కూడా ఇదే చెప్పాడు. అప్పుడు నాన్న వినలేదు. ఇప్పుడు విన్నాడు.

బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. అన్నయ్య పోయిన రోజు కూడా ఇట్లా ఏడవలేదు. ఇప్పుడే వెళ్ళమన్నది నేనే, మీ అమ్మ ఆగమంది, నేనే వెళ్ళమన్నాను అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. అమ్మ ఎప్పుడు వచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. వాడు ఎప్పుడు నా మాట విన్నాడు గనక, మీరు చెప్పకపోయినా వెళ్ళేవాడు అంది. అయినా మీ మీద నాకు చాలా కోపంగా ఉంది, ఇంకా తగ్గలేదు అంది. అని ఆ చెయ్యి తీయకుండానే తనూ ఏడ్చింది.

పొడుగు, నర్సు చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. మంచివాళ్ళు.

ఆట అయిపోయింది. అన్నయ్య ఇంక పార్క్ చేసి లేడు. ఇన్నాళ్ళూ ఎక్కడో ఉన్నాడులే అన్నట్టు బతికాను. లేడు. రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది.

ఆగస్టు 3, ఆదివారం

మెకానిక్ వచ్చాడు. నాన్న కారుకి కొత్త బ్యాటరీ వేయించుకుని పంపేశాడు. నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాడు. క్లచ్ వదలడం రాక గేటు దగ్గరే రెండుసార్లు ఆపేశాను. స్టిక్కర్ల కొట్టు రోడ్డులో, ఆ మలుపు దగ్గర, బ్రేకు నేనే వేశాను. పక్కకి చూస్తే నాన్న తన బ్రేకు వదిలేసి, రెండు కాళ్ళూ పైకి మడిచి సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.