కిందింటి కంప్యూటరులో కుక్కపిల్ల

జూలై 6, ఆదివారం

ఆయనకు మళ్ళీ సి షిఫ్టు. రాత్రి పదింటికి ప్లాంటులోకి వెళ్తే పొద్దున్న ఇంటికి రావడం, పగలంతా పడుకోవడం. కుక్కరు గట్టు మీద నుంచి తీసేశాను. విజిల్ వేస్తే ఆయన లేచిపోతారు. ఈ వారమంతా గంజి వార్చి వండడమే. టీవీ కూడా పెట్టను. పావనికి చెప్పనక్కరలేదు. మూడో క్లాసు పిల్ల, ఏ వారం ఏ షిఫ్టో నాకన్నా దానికే బాగా గుర్తు. కంచం కూడా చప్పుడు కాకుండా దించుతుంది.

మధ్యాహ్నం నా చెవి దగ్గరకు వచ్చి, "అమ్మా, నాకొకటి కావాలి. ఒకటే" అంది.

కుక్కపిల్ల బొమ్మ. కింద ఇంటివాళ్ళ అమ్మాయి హారికకు ఉన్నటువంటిది. దాని మెడలో చీటీ ఉంటుందట, చీటీలో నంబరు. ఆ నంబరు కంప్యూటరులో కొడితే అదే కుక్కపిల్ల తెర మీదకు వచ్చి తిరుగుతుందట. దానికో ఇల్లు, ఓ మంచం. రోజూ అన్నం పెట్టాలి, స్నానం చేయించాలి. ఆటలు ఆడి గెలిస్తే దానికి సామాన్లు కొనొచ్చు. పట్టించుకోకపోతే జబ్బు పడుతుంది.

"మనకి కంప్యూటరేది?"

"హారికోళ్ళకుంది కదా."

ఇదంతా గుసగుసే. పక్క గదిలో ఆయన గురక.

జూలై 7

ఆయనతో చెప్పలేదు. ఇంటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

జూలై 9, బుధవారం

సాయంత్రం పావనిని పిలుద్దామని కిందికి వెళ్ళాను. మెట్ల మీద ఉండగానే ఎవరో పిల్ల గొంతు — "అటు కాదు, అటు కాదు, ఎడం పక్కకి! దూకు! దూకూ!"

మా పావనే. నేనెప్పుడూ వినలేదు ఆ గొంతు. మా ఇంట్లో అది అలా అరిస్తే వెంటనే నోరు మూసేసేదాన్ని... నేనే.

గుమ్మంలో నిలబడి చూశాను. కుర్చీలో హారిక. పక్కన నిలబడి మా పిల్ల. ఆట ఆడేది హారిక. ఆట అయిపోయాక "ఇప్పుడు నువ్వు దానికి స్నానం చేయించు" అని మౌసు ఇస్తుంది. స్నానం అవుతుంది, ఇల్లు తుడవడం అవుతుంది. "ఇటివ్వు" అనగానే ఇచ్చేస్తుంది.

"నేను తుడిచేశాను హారికా" అంటోంది. పైన అది 'నాను' అంటుంది. కింద 'నేను'.

ఇంటావిడ చూశారు. "ఏమ్మా రమణా, గుమ్మంలో నించుండిపోయావేంటి? లోపలికి రా." వాళ్ళది భీమవరం వైపు. భర్తది పోర్టులో పని. మంచావిడే. మేము అద్దెకు దిగిన కొత్తలో ఒకసారి నేను "ఏటండి?" అంటే పకపకా నవ్వి, "ఇంకోసారి అనమ్మా, భలే ఉంది" అన్నారు. ముద్దుకే అన్నారు. అప్పటినుంచి ఆవిడ ముందు నాకు మాట రాదు. తల ఊపుతాను.

జూలై 11

మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఇంటావిడ వచ్చారు. "మీ పిల్ల బంగారవమ్మా. మా హారిక ఏ పని చెబితే అది చేసేద్ది. పక్కన నించుని చూస్తా ఉంటది పాపం. దానికీ ఒకటి కొనకూడదా?"

పాపం అన్నారు. రోజంతా ఆ మాటే తిరిగింది లోపల. చూస్తే నాకూ పాపమే అనిపించింది. కానీ ఇంకొకరు అంటే వేరుగా ఉంటుంది.

జూలై 13, ఆదివారం

షిఫ్టు మారింది. పొద్దున్న ఆయన నిద్ర చాలి లేచి, టీ తాగుతూ మంచిగా ఉన్నారు. చెప్పాను.

"ఏటీ? బొమ్మకి కూడెట్టాలా?"

"కంప్యూటర్లో."

"ముందు నీ కూతురికెట్టు. కొంగలాగుంది." నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "బొమ్మ మనది, కంప్యూటరు ఆళ్ళది. రోజూ ఆళ్ళ గుమ్మంలోకెల్లి కూకుంటాదేటి మన పిల్ల?"

"ఇప్పుడూ కూకుంటంది."

"ఇప్పుడు ఆడుకోడానికెల్తంది. అప్పుడు అవసరం కోసం ఎల్లాలి. తేడా లేదేటి?"

ఉంది. ఆయన చెప్పింది నిజమే. కొనకపోతే పిల్ల ఎప్పటికీ పక్కన నిలబడే ఉంటుంది — అదీ నిజమే. రెండు నిజాలూ చెరో చేతిలో పట్టుకుని వంట చేశాను. కూరలో ఉప్పు మరిచిపోయాను.

జూలై 16

కూర్మన్నపాలెం జంక్షన్‌లో నెట్ సెంటరు ఉంది. బొమ్మ కొంటే పిల్లని అక్కడికి తీసుకెళ్ళొచ్చేమో, ఎవరి గుమ్మమూ ఎక్కక్కరలేదు అనుకున్నాను. పిల్ల స్కూల్లో ఉండగా చూసొద్దామని వెళ్ళాను. మెట్లెక్కేసరికి చీకటి గది. ఒక్కో కంప్యూటరుకూ చెక్క గోడ, ముందు పరదా. అంతా మగవాళ్ళే. ఒకాయన బల్ల దగ్గర నుంచి తల ఎత్తి, "ఏటి కావాలమ్మా?" అన్నాడు.

ఏమీ అడగకుండానే దిగిపోయాను. చెప్పు జారి మెట్టు మీద పడిపోబోయాను కూడా. నవ్వారేమో, వెనక్కి చూడలేదు.

అక్కడికి పిల్లని పంపను. నేను తీసుకెళ్ళలేను. ఆ దారి లేదు.

జూలై 18

పావని అడగడం మానేసింది. అడిగితేనే బాగుండేది.

జూలై 20, ఆదివారం

ఆయన ప్లాంటు గ్లౌజులు పాతవి వంటింట్లో ఉంటాయి, వేడి గిన్నెలు దించుకోవడానికి. వాటిలో ఒకటి కనబడలేదు. వెతికితే పావని పుస్తకాల సంచిలో దొరికింది. లోపల గుడ్డపేలికలు కుక్కి, బొటనవేలిని తోక చేసి, చిటికెన వేలు మడిచి ఏదో మూతిలా కుట్టింది. నల్ల దారంతో కళ్ళు. నోట్‌బుక్కు అట్ట కత్తిరించి మెడలో చీటీ. చీటీ మీద పెన్నుతో నంబరు — తనే వేసుకుంది.

"దీన్ని కిందికి తీసుకెల్లావా?"

తల ఊపింది.

"కొట్టి సూసేరా?"

"కొట్టేం. ఎర్రక్షరాలొచ్చేయమ్మా. తప్పంట."

"హారిక నవ్విందా?"

"నవ్వలేదు. ఇంకోపాలి కొడదాం అంది. మూడుసార్లు కొట్టేం. తప్పే."

ఏడుస్తూ చెబితే ఓదార్చేదాన్ని. లెక్క తప్పు వచ్చిందని చెప్పినట్టు చెప్పింది.

జూలై 21

ఈ వారం 'ఏ' షిఫ్టు, పొద్దున్న ఆరింటికే డ్యూటీ. మధ్యాహ్నం వచ్చి అన్నం తింటూ ఆయన చూశారు. "ఏటే ఇది? నా గ్లౌజుకి కల్లెట్టినావేటి?"

"నాను కాదు. పావని."

ఎడం చేత్తో తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. చీటీ చదివారు. అన్నం సగంలో ఆగింది.

చివరికి, "నీ ఇట్టం" అన్నారు.

ఏం వండమంటారంటే నీ ఇట్టం. పిల్లని ఏ స్కూల్లో వేద్దామంటే నీ ఇట్టం. అది నా చేతికి ఇచ్చినట్టో, నా నెత్తిన పెట్టినట్టో ఇన్నేళ్ళైనా తెలియలేదు. ఏది చేసినా బాగుంటే మనది, బాగోకపోతే నాది. ఒళ్ళంతా అలసటగా ఉంది. పని చేసి కాదు.

జూలై 24

కొంటాను. శ్రావణమాసం చీర వద్దని చెప్పేశాను.

జూలై 25

వద్దేమో.

జూలై 27, ఆదివారం

కొన్నాం.

సిటీ బస్సులో నేనూ పావనీ. ఆయన రాత్రికి సి షిఫ్టు, ఇంట్లో పడుకున్నారు. ద్వారకానగర్‌లో ఆ షాపు వెతకడానికే గంట పట్టింది. అద్దాల తలుపు. లోపలికి వెళ్ళమని పావని నా నడుము మీద చెయ్యి వేసి తోసింది. నేను దాని తల్లినా, అది నా తల్లా!

గోధుమరంగు కుక్కపిల్ల. ఒక చెవి కొంచెం వంకర. ఇంకోటి ఇస్తాను అన్నా పావని ఒప్పుకోలేదు, అదే కావాలంది. షాపాయన చీటీ చూపించి, "ఇది జాగ్రత్తమ్మా. ఒక్కపాలే పనిసేత్తది. ఒకల్ల పేర్న కొట్టేసినాక ఇంకోల్లకి పనికిరాదు" అన్నాడు.

బస్సులో ఆ చీటీని జాకెట్లో పెట్టుకుని వచ్చాను. గాజువాక దగ్గర వాన. పావని బొమ్మని గౌను కింద దాచింది. పేరు కూడా పెట్టేసింది — పండు.

జూలై 28, సోమవారం

స్కూల్ నుంచి రాగానే "పద, పద" అని. బూట్లు కూడా విప్పలేదు. ఆయన డ్యూటీకి ముందు సాయంత్రం ఇంకో కునుకు తీస్తారు. స్టవ్ మీద పప్పు పెట్టి, సిమ్‌లో ఉంచి, ఇద్దరం దిగాం. పప్పు మాడితే వాసనకు లేస్తారని నా మనసంతా పైనే.

ఇంటావిడ కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. హారిక కంప్యూటరు తెరిచే ఉంచింది. ఇంటావిడ చీటీ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తెర వైపు చూస్తూ, "మా హారిక దాన్లోనే పెట్టేయనా అమ్మా? వేరేగా అంటే మెయిలనీ పాస్‌వర్డనీ ఏవేవో అడుగుద్ది. చాలా టైము పట్టుద్ది. ఇందులో అయితే ఇప్పుడే వచ్చేద్ది" అన్నారు.

నాకు సగం అర్థమైంది. ఇప్పుడే వచ్చేద్ది అన్నది అర్థమైంది. పావని నా వైపు చూసింది. పప్పు గుర్తొచ్చింది.

తల ఊపాను.

తెర మీద కుక్కపిల్ల పేరు అడిగింది. పావని "పండు" అంది. "ఇంగ్లీషు పేరు బాగుంటది" అని హారిక 'కుకీ' అని కొట్టేసింది. కుక్కపిల్ల తెర మీదకు ఎగిరి దూకింది. నిజంగానే అదే వంకర చెవి — కాదు, రెండు చెవులూ బాగానే ఉన్నాయేమో. పావని చప్పట్లు కొట్టింది. నేను పైకి పరిగెత్తాను. పప్పు మాడలేదు.

జూలై 29

పిల్ల రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తింది. కొని మంచి పనే చేశాను.

జూలై 31, గురువారం

కిందికి వెళ్ళిన పది నిమిషాలకే తిరిగి వచ్చింది. హారిక డాన్సు క్లాసుకి వెళ్ళిందట.

"మరి పండుకి అన్నం?"

"పొద్దున్నే హారిక పెట్టేసిందంట. రెండిటికీ."

"నీ కుక్కకి నువ్వే కదా పెట్టాలి?"

అప్పుడు చెప్పింది, గుసగుసగా, ఆయన పడుకున్న గది తలుపు వైపు చూసుకుంటూ. తెర మీద ఉన్న ఆ ఇల్లు హారికది. ఇంటి పేరూ హారికదే. పండు ఆ ఇంట్లో రెండో గదిలో ఉంటుంది. గెలిచిన సామాన్లన్నీ హారిక పేరున పడతాయి. హారిక తెరిస్తేనే తెరుచుకుంటుంది.

"నీకు వేరే ఇల్లు ఇవ్వరా?"

"అడిగేను. నంబరు అయిపోయిందంట."

కొంచెం ఆగి, "ఆంటీ నిన్నడిగింది కదమ్మా. నువ్వు సరే అన్నావు కదా" అంది. తప్పు పట్టినట్టు కాదు. జరిగింది చెప్పినట్టు.

చీటీ తడవకుండా అంత జాగ్రత్తగా తెచ్చాను. దానిలో ఏముందో, దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం ఇంకొకరికి వదిలేశాను. పిల్లకు తనదంటూ ఒకటి ఉండాలనే కదా కొన్నది. ఇప్పుడు అక్కడ మా పిల్లతోపాటు దాని కుక్కపిల్ల కూడా వాళ్ళింట్లోనే ఉంది.

ఆగస్టు 1

ఆయనకు చెప్పలేదు. చెబితే ముందే అన్నానా అంటారు. అనకపోయినా ముఖం అంటుంది.

ఇంటావిడను అడగాలి. వేరేగా పెట్టే దారి ఏదైనా ఉందేమో, ఎవరినైనా కనుక్కోమని. అలా కాదంటే ఆ పాస్‌వర్డేదో పావనికీ చెప్పమని. కూరగాయలు తరుగుతూ అనుకుని చూశాను — "అక్కయ్యగారూ, మా పిల్లది మా పిల్లకి ఉండాలి కదండి." గట్టిగా ఉందేమో. "ఏమనుకోకండి" అని ముందు చేర్చాను. మళ్ళీ తీసేశాను. నాలుగుసార్లు అనుకున్నాను.

ఆగస్టు 2, శనివారం

వెళ్ళాను. పావని అప్పటికే కిందే ఉంది, కంప్యూటరు దగ్గర, నిలబడి.

"రామ్మా రమణా" అన్నారు ఇంటావిడ. "ఏంటి సంగతి?"

"అక్కయ్యగారూ..." అన్నాను. అంతవరకు వచ్చింది. తర్వాతి మాట కూడా నాలుక మీదే ఉంది. ఈసారి చెప్పేసేదాన్నే.

పావని తల తిప్పి నన్ను చూసింది. నేనెందుకు వచ్చానో దానికి తెలిసిపోయింది. హారికకు కనబడకుండా, కొంచెంగా, తల అడ్డంగా ఊపింది. వద్దు.

"... కరివేపాకుంటే రెండు రెబ్బలు ఇత్తారా?"

"ఏమ్మా, దానికి అంత మొహమాటమేంటి!" పెరట్లోకి వెళ్ళి గుప్పెడు తుంచి ఇచ్చారు. మా వంటింట్లో నిన్నటిదే ఉంది.

పైకి వచ్చాక పిల్లని అడిగాను. "ఎందుకే వద్దన్నావు? సెప్పేద్దును కదా."

"సెప్తే ఆంటీకి కోపం వత్తాది. హారిక రానివ్వదు. అప్పుడు పండుని సూడ్డానికి కూడా అవ్వదు" అంది. ఆ తర్వాత నోటి మీద వేలు పెట్టింది. "మెల్లిగా మాటాడమ్మా. నాన్న లేత్తాడు."

ఎనిమిదేళ్ళు. ఇంత లెక్క ఎప్పుడు వేసుకుంది? ఎవరు నేర్పారు... ఎవరో నాకు తెలుసు.

ఆగస్టు 3, ఆదివారం

ఈ రోజు నుంచి బి షిఫ్టు. భోజనం చేసి ఒంటిగంటకే ఆయన వెళ్ళిపోయారు. ఇంట్లో నేనూ పిల్లా. గట్టిగా మాట్లాడుకోవచ్చు, పాడుకోవచ్చు, గొడవ పడొచ్చు.

"పావనీ, ఆంటీతో నాను మాటాడతాను. నువ్వు భయపడకు" అందామని రెండుసార్లు దాని దగ్గరకు వెళ్ళాను. బొమ్మ వంకర చెవిని సరిచేస్తూ కూర్చుంది. రెండుసార్లూ వెనక్కి వచ్చేశాను.

ఐదింటికి కింద నుంచి హారిక పిలిచింది — "పావనీ, కుకీకి స్నానం!"

"వస్తున్నా" అని మెట్లు దిగింది. బొమ్మను మంచం మీదే వదిలేసింది. కొన్నాక అది లేకుండా వెళ్ళడం ఇదే మొదటిసారి.

ఏడైంది. ఇంకా రాలేదు. పిలవాలి.