ఆఖరి పేజీ వెనక గుర్తు

అయ్యా,

ప్రాథమిక పాఠశాలల పిల్లల కోసం మా సంఘం నడిపే ప్రాంతీయ కథా రచన పోటీకి, నాలుగో తరగతి చదువుతున్న మీ మనవరాలు పంపిన కథ అందింది. నమోదు సంఖ్య నలభై ఒకటి. వచ్చిన రెండు వందల పదకొండు కథల్లో తుది విడతకు ఆరు మిగిలాయి. వాటిలో ఇదొకటని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

సంతోషం అంతవరకే. ఆఖరి పేజీ వెనక, కింది మూల, నల్ల సిరాతో ఒక తేదీ వేసి ఉంది. దాని పక్కన సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టిన గుర్తు ఒకటి ఉంది. ఆ రాత పిల్లలది కాదు. కథ మీద పెద్దల చెయ్యి పడకూడదని మా ఏడో నిబంధన చెబుతోంది. అందుచేత కథను పక్కన పెట్టాం. పది రోజుల్లోగా సంజాయిషీ పంపగలరు.

ఇట్లు,
కార్యదర్శి, బాలల కథల పోటీ

తా.క.: ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరు ఆ గుర్తును కన్ను అన్నారు, ఒకరు చక్రం అన్నారు, మూడోవారు టీ మరక అన్నారు. అదేమిటో కూడా తెలియజేయగలరు.

*

కార్యదర్శి గారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని మా మనవరాలే పైకి చదివింది. సగంలో ఆపేసి, కాగితం నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ నాతో మాట మానేసింది. ఇవాళ్టికి నాలుగు రోజులు. కంచం తెచ్చి పెడుతుంది, మంచినీళ్ళు పెడుతుంది, మొహం మాత్రం గోడవైపు. మా అమ్మాయి, అంటే దాని తల్లి, ఆసుపత్రిలో పనికి పొద్దున వెళ్తే దీపాలు పెట్టే వేళకి గానీ రాదు. బడి వేళ పోను ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆ ఇద్దరిలో ఒకరు మాట్లాడకపోతే ఇల్లు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

తప్పు నాదే. నలభై ఆరేళ్ళుగా ఇంటి ముందుగదిలోనే దుకాణం పెట్టుకుని గడియారాలు బాగుచేస్తున్నాను. మూత తీసిన ప్రతి వాచీకీ, మళ్ళీ మూసేముందు, మూత లోపలివైపు సూదితో తేదీ, నా గుర్తు గీస్తాను. రేపు అది మొరాయిస్తే ఎవర్ని నిలదియ్యాలో తెలియాలి కదా. ఆ అలవాటు ముదిరిపోయి కరెంటు బిల్లు మీదా, పంచదార డబ్బా మీదా, పిల్ల మార్కుల కార్డు మీదా గుర్తు పెట్టేస్తున్నాను. పిల్ల తన కథ మడతపెట్టి నా చేతికిచ్చి, "తాతయ్యా, విప్పి చూడొద్దు. కవర్లో పెట్టి పోస్టులో వేసెయ్యి" అంది. విప్పలేదు. ఒక్క అక్షరం చదవలేదు. నా చేతిమీదుగా పోతోంది కదా అని మడత పైన గుర్తు పెట్టాను, అంతే.

శిక్షేదో నాకు వెయ్యండి. పిల్ల కథను మాత్రం మళ్ళీ పోటీలోకి తీసుకోండి. అది మూడు వారాలు ఆటలు మానేసి, నా బల్ల పక్కన కూర్చుని రాసుకుంది.

ఇట్లు,
గడియారాల తాత

తా.క.: రుజువుగా ఒక వాచీ పంపుతున్నాను. మూత తీసి చూడండి. నా గుర్తు ఉంది కదా అని ఆ వాచీని నేనే తయారుచేశానంటారా?

మరో తా.క.: అది కన్నూ కాదు, చక్రమూ కాదు. మా గురువు గారు నేర్పిన గుర్తు. అదేమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రాత వంకరగా ఉంటే మన్నించండి, చలికి చెయ్యి కాస్త వణుకుతోంది.

*

అయ్యా,

మీ వాచీ అందింది. కార్యాలయానికి వచ్చిన ప్రతిదానికీ సంఖ్య వేయడం మా పద్ధతి కాబట్టి, మా గుమాస్తా దాన్ని రెండు వందల పన్నెండో కథగా నమోదు చేశాడు. తరగతి అన్న గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలాడు. గడువు దాటి వచ్చినందున దాన్ని పోటీకి స్వీకరించలేమని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

మీ సంజాయిషీపై సమావేశం జరిగింది. కొత్త చిక్కొకటి వచ్చింది. కథ గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన గురించి. అందులో పట్టకారు, కంటికి తగిలించుకునే భూతద్దం, వెంట్రుకంత సన్నని స్ప్రింగు, అన్నీ ఉన్నాయి. ఇవన్నీ తొమ్మిదేళ్ళ పిల్లకెలా తెలుస్తాయని ఒక న్యాయనిర్ణేత పట్టుబట్టారు. మీరు చెప్పి రాయించారని ఆయన అనుమానం.

అందుచేత మిమ్మల్ని ఒక ప్రశ్న అడగమని తీర్మానించారు. ఆ కథలో ఏముంది? మీ సొంత మాటల్లో రాయండి. సరిగ్గా చెబితే మీకు కథ తెలిసినట్టు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: చెప్పలేకపోతే, తెలిసీ దాస్తున్నారనవచ్చు కదా అని ఆ న్యాయనిర్ణేతే అడిగారు. మీరేం రాసినా ఇబ్బందేనని నేనన్నాను. ఆ మాట సమావేశపు పుస్తకంలోకి ఎక్కలేదు.

*

కార్యదర్శి గారికి నమస్కారాలు.

చదవని కథలో ఏముందో చెప్పమన్నారు. ఇలాంటి ప్రశ్న నన్ను బడిలో కూడా ఎవరూ అడగలేదు. అడిగారు కాబట్టి ఊహించి రాస్తున్నాను.

నా గురించే రాసి ఉంటుంది. బడి వదలగానే వచ్చి నా బల్ల పక్కన కూర్చుంటుంది కదా, ఏ పనిముట్టు ఎందుకో దానికి నాకంటే బాగా తెలుసు. మా తాతయ్య గొప్ప పనివాడు, ఆయన ముట్టుకున్న వాచీ మళ్ళీ ఆగదు, రెండేళ్ళుగా ఒక్కటంటే ఒక్కటి కూడా వెనక్కి రాలేదు, వీధంతా ఆయన దగ్గరికే వస్తుంది అని రాసి ఉంటుంది. చివర్లో ఎవరో గొప్పవాళ్ళు వచ్చి నాకు శాలువా కప్పి ఉంటారు. పిల్లల కథలు అలాగే అవుతాయి కదా.

ఇదే నా జవాబు. ఇంట్లో పరిస్థితి మారలేదు. నిన్న బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఏదో అడుగుతుందనుకున్నాను. నా చేతులవైపు చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

ఇట్లు,
గడియారాల తాత

తా.క.: శాలువా విషయం తప్పయితే కొట్టెయ్యండి. అది నా కోరిక, పిల్లది కాకపోవచ్చు.

*

తాతగారికి,

మీ జవాబును సమావేశంలో నేనే చదివి వినిపించాను. చదవడం అయ్యాక పట్టుబట్టిన న్యాయనిర్ణేత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. తర్వాత ముగ్గురూ ఏకగ్రీవంగా, మీరు ఆ కథ చదవలేదని తీర్మానించారు. అంతకంటే గట్టి రుజువు ఉండదన్నారు. ఎందుకని మాత్రం నన్ను అడగకండి.

మీ మనవరాలికి మొదటి బహుమతి వచ్చింది. వచ్చే ఆదివారం సభలో తన కథను తనే చదవాలి.

ఇక ఇది కార్యదర్శిగా కాదు, మామూలు మనిషిగా రాస్తున్నాను. సభకు పిల్లను వాళ్ళమ్మతో పంపండి. మీరు రాకండి. బహుమతి కథల పుస్తకం ఒక ప్రతి ఇంటి పెద్దకు పంపడం నిబంధన కాబట్టి పంపుతున్నాను. దాంట్లో తొమ్మిదో పేజీ చదవకండి. దయచేసి.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: నా వాచీ కూడా దీనితోపాటు పంపుతున్నాను. గంటకు పావుగంట వెనక పడుతోంది. చూడగలరు.

*

కార్యదర్శి గారికి నమస్కారాలు.

పుస్తకం, వాచీ ఒకే రోజు అందాయి. మీ వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడ గడియారం పక్కన ఉంచాను. వెంట్రుకవాసి కూడా వెనక పడలేదు. మా వీధివాళ్ళు నయం, తెచ్చేముందు ముళ్ళయినా వెనక్కి తిప్పుకుని వస్తారు. మీరు ఆ పాటి శ్రమ కూడా పడలేదు.

దాంతో పిల్ల ఏం రాసిందో అర్థమైంది. పుస్తకం విప్పాల్సిన పని లేకపోయింది.

అయ్యా, నా చెయ్యి వణికేది చలికి కాదు. రెండేళ్ళయింది. ఆ మొదట్లోనే ఒక వాచీ స్ప్రింగు విరగ్గొట్టాను. దుకాణం మూసేద్దామనుకుంటున్న వారంలో ఎదురింటి మాస్టారు తన వాచీ తెచ్చారు, ఆగిపోయిందన్నారు. మూత తీసేసరికి టక్కుటక్కుమంటోంది. తర్వాత రొట్టెల దుకాణం ఆవిడ, ఆ తర్వాత మంగలి. ఒక్కదానికీ జబ్బు లేదు. నాకు పని తప్పకూడదని వాళ్ళంతా కూడబలుక్కుని తెస్తున్నారని నాకు తెలిసిపోయింది. తెలిసిందని చెబితే వాళ్ళు చిన్నబోతారు. అందుకే మూత తీసి, తుడిచి, గుర్తు పెట్టి ఇస్తున్నాను. డబ్బు మాత్రం ముట్టలేదు. మీకు రాసిన జవాబులో గొప్పలు పోయింది కూడా అందుకే. ఎవరికీ తెలియదనుకున్నాను. పిల్లకి తెలుసని ఊహించలేదు.

పుస్తకం దాని ముందు పెట్టి అడిగాను. "నీ కథలో ముసలాయన దగ్గరికి వచ్చే వాచీలన్నీ నడుస్తున్నవేనా అమ్మా?"

ఇన్నాళ్ళకి నోరు విప్పింది. "ఎవరు చెప్పారు?"

"వాచీలే చెప్పాయి. రెండేళ్ళ కిందటే."

అప్పుడు ఏడ్చింది. కోపం బహుమతి గురించి కాదట. నా గుర్తు ఉందని మీ ఉత్తరంలో చదవగానే, తాతయ్య కథ విప్పి చదివేశాడు, ఇక పని మానేసి బల్ల సర్దేస్తాడు అని హడలిపోయిందట. మాట్లాడితే నేను అదే విషయం ఎత్తుతానని మాటే మానేసిందట. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంత బరువు మోస్తుంటే, దాని పక్కనే కూర్చుని నేను గుర్తులు గీసుకుంటున్నాను. సిగ్గుపడ్డాను.

తర్వాత కథంతా తనే చదివి వినిపించింది. ఆదివారం సభకు వస్తున్నాను. మొదటి వరసలో తనకి ఎదురుగా కూర్చోమంది. వీధి వాళ్ళు కూడా వస్తామంటున్నారు. వాళ్ళ మొహాలు ఎలా చూడాలో తెలియడం లేదు. నా మొహం ఎలా చూడాలో వాళ్ళకీ తెలియదు కాబట్టి సరిపోతుంది.

ఇట్లు,
గడియారాల తాత

తా.క.: కథలో ఒకచోట మొత్తం పంతొమ్మిది వాచీలని రాసింది. కాదు, ఇరవై మూడు. మీది కలిపితే ఇరవై నాలుగు. దిద్దుకోమంటే, పెద్దలు చెప్పింది రాయకూడదని మొండికేసింది. సభలో పంతొమ్మిదే చదువుతుంది. మీరు మాత్రం నిజం తెలిసినట్టు కనపడకండి.