దాచుకున్న సెమీఫైనల్

బావా,

బాగున్నావా అని రాయబోయి ఆగాను. నువ్వెళ్ళిన చలికాలం దాటింది, ఎండలూ దాటాయి, ఇప్పుడు భిలాయిలో వానలు పడుతున్నాయి. ఇన్నాళ్ళకి నీకు రాస్తున్నాను.

తీరిక లేక కాదు. నీ మీద కోపం వచ్చి రాయలేదు. పోయినవాడి మీద కోపమేమిటని నాకే సిగ్గేసేది... అయినా పోలేదు.

ఆ రోజు పొద్దున్న ఆసుపత్రికి వచ్చాను, గుర్తుందా? ముందు రాత్రే మన తెలుగు జట్టు కబడ్డీ సెమీఫైనల్ ఆడింది. నేను స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో సెకండ్ షిఫ్టులో ఉండిపోయాను. నేనూ ఇంకా చూడలేదనీ, నువ్వు ఇంటికొచ్చాక ఇద్దరం కలిసి చూద్దామనీ చెప్పాను. నువ్వు నా వైపు ఒక్కసారి చూశావు. వెంటనే గోడవైపు తిరిగిపోయావు.

పిలిచాను. తిరగలేదు. మంచం పక్కన స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాను. షిఫ్టుకి టైమైతే లేచి వెళ్ళాను. సాయంత్రం మిల్లుకి ఫోనొచ్చింది.

ఇన్నేళ్ళ చుట్టరికంలో నాకు మిగిలిన ఆఖరి గుర్తు నీ వీపా బావా? ఏం తప్పు చేశాను? అంతకు ముందు రెండు రోజులు చూడ్డానికి రాలేదనా? కన్నీళ్ళు పెట్టుకోకుండా కబడ్డీ కబుర్లు చెప్పాననా? ఎవరిని అడగను... అక్కని అడిగే ధైర్యం లేదు.

మన ఇద్దరి షిఫ్టులూ ఎప్పుడూ ఎదురెదురే కదా. నేను మిల్లు నుంచి వస్తుంటే నువ్వు కోక్ ఓవెన్‌కి బయల్దేరేవాడివి. లైవులో కలిసి చూసే యోగం ఏనాడూ లేదు. ఆదివారం వస్తే సెక్టర్ 7లో మీ క్వార్టర్‌కి వచ్చేవాడిని. నా మ్యాచ్‌ల యాప్ మీ టీవీలో పెట్టుకుని, తీరుబడిగా మొదటి కూత నుంచి చూసేవాళ్ళం. అప్పటిదాకా ఇద్దరికీ స్కోరు తెలియకూడదు. ఈ ఊళ్ళో అదేం కష్టం కాదు, మన జట్టు గెలిచిందో లేదో ఇక్కడ ఎవరికి పట్టింది? కష్టమంతా నాతోనే.

నాకు ఓపిక తక్కువ. ఒక్కోసారి దొంగచాటుగా ముందే చూసేసి వచ్చేవాడిని. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే నువ్వు పట్టేసేవాడివి. "ఒరే సూరిగా, అది మొకం కాదురా, స్కోరు బోర్డు! గోడకేసి తిరుగు!" అని కేకేసేవాడివి. మ్యాచ్ అయ్యేదాకా గోడని చూస్తూ టీ తాగేవాడిని. అక్క పకోడీల పళ్ళెం నా వెనకాల పెట్టేది. చెయ్యి వెనక్కి చాపి తడుముకుంటుంటే నువ్వు పళ్ళెం ఇంకాస్త దూరం జరిపేవాడివి.

నువ్వు మాత్రం ఒక్కనాడూ ముందు చూసింది లేదు. "ఆగి సూస్తేనేరా మజా" అనేవాడివి. వయసులో ప్లాంటు జట్టుకి ఆడినవాడివి, కూతకొచ్చినవాడి చీలమండ నీ చేతికి చిక్కితే వాడు గీత ముట్టడం కల్ల. నీకు ఓపిక ఉండటంలో వింతేముంది?

ఆ సెమీఫైనల్ నేను చూడలేదు బావా. నమ్ముతావా? నీతో కలిసి చూస్తానన్నాను కాబట్టి చూడలేదు. మా మరోదా క్వార్టర్ల దగ్గర ఎవరైనా కబడ్డీ మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడిని. కోపం కోపమే, మాట మాటే.

మీ క్వార్టర్ ప్లాంటుకి అప్పగించేస్తున్నాం. అక్క వైశాలి నగర్‌లో అద్దె ఇంటికి మారుతోంది. మొన్న ఆదివారం సామాన్లు కట్టడానికి వెళ్ళాను. అన్నీ కట్టాక గోడకి టీవీ ఒక్కటే మిగిలింది. దాన్ని విప్పే ముందు, మీ ఇద్దరి మ్యాచ్ ఇక్కడే చూసెయ్యరా అంది అక్క. సరేనని యాప్ తెరిచాను.

సెమీఫైనల్ బొమ్మ కింద, ఎంతవరకు చూశారో చూపించే ఎర్రగీత ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండి ఉంది. ఎవరో ఆఖరి దాకా చూసేశారు. నా యాప్‌లో, నేను దాచుకున్న మ్యాచ్... ఒళ్ళు మండిపోయింది. ఎవడు చూశాడని అరిచాను. అక్క కట్టిన పరుపు మీద కూర్చుంది. అప్పుడు చెప్పింది.

నువ్వే చూశావట.

నీ ఫోనులో కూడా నా లాగిన్‌తోనే యాప్ పెట్టిచ్చింది నేనే కదా. మ్యాచ్ జరిగిన ఆ రాత్రే అక్కతో "ఈసారి ఆగలేనే... పెట్టు" అన్నావట. అక్క ఫోను పట్టుకుని కూర్చుందట. మనం ఒక్క పాయింటు ముందున్నాం, అవతలివాడు ఆఖరి కూతకొచ్చాడు, మూలనున్న మన కుర్రాడు చీలమండ అందుకున్నాడు. సెలైను ఎక్కుతున్న చేత్తోనే నువ్వు దుప్పటి గట్టిగా పట్టేసుకున్నావట. దగ్గొచ్చేదాకా నవ్వావట. ఆనక అక్కకి ఒకటే చెప్పావట: "ఆడికి సెప్పకు. ఆడు సూడాల."

తెల్లారి నేనొచ్చాను. నేనూ చూడలేదన్నాను.

నువ్వు గోడకేసి తిరిగావు.

మంచానికీ గోడకీ మధ్య సందులో ఫ్లాస్కు సర్దుతున్న అక్కకి నీ ముఖం కనిపించిందట. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటున్నావట బావా. ఆ మాట నాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అక్కని అడిగాను. నవ్వావని చెబితే గెలిచామని చెప్పినట్టే కదరా అంది.

నా అంత పిచ్చివాడు ఉంటాడా? ఎన్ని ఆదివారాలు నేనూ అలాగే గోడకేసి తిరిగి కూర్చున్నాను... నాకెందుకు తట్టలేదు?

నేనూ అక్కా మ్యాచ్ మొదటి నుంచీ చూశాం. గెలుస్తామని తెలిసీ ఆఖరి కూతకి లేచి నిలబడ్డాను. ఆ పట్టు దగ్గర వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను, మళ్ళీ చూశాను. ఏడ్చాను. అక్క కూడా ఏడ్చింది. ఆ తరవాత టీవీ విప్పి గుడ్డ చుట్టాం.

నాకు కోపం లేదు బావా. ఫైనల్ ఇంకా చూడలేదు, చూడను. అది నువ్వు చూడనిది కదా. సెమీఫైనల్ మాత్రం చూసేశాను, నాకూ స్కోరు తెలుసు.

ఇంక ఇటు తిరుగు.

నీ స్కోరు బోర్డు,
సూరిగాడు