ఖాళీగా కనబడిన ఈతకొలను

బావగారికి నమస్కారం.

ఇంటి సంగతులు అక్కతో మాట్లాడుకుంటాను. ఇది మీరు కమిటీలో ఉన్నారని రాస్తున్న ఉత్తరం.

మన పేట ఈతకొలను పాతబడింది, ఎవరూ రావడం లేదు, మూసేద్దామని మీవాళ్లు తేల్చారట. మీరంతా చూడడానికి వచ్చిన రోజు అక్కడ ఎవరూ లేని మాట నిజమే. లేకుండా చేసింది రోజూ అక్కడికి వచ్చే మేమే, బావగారూ! పెద్దవాళ్లు వస్తున్నారని గచ్చు తోమాం, నాచు గీకాం, నీళ్లు తేటగా కనబడాలని పొద్దుటి నుంచీ ఎవర్నీ దిగనివ్వలేదు. మీ తోడల్లుడు అప్పటికే తువ్వాలు మెళ్లో వేసుకుని గుమ్మంలో కూర్చుంటే, "ఒక్కరోజుకేం కాదులెండి" అని నేనే ఆపాను.

పక్షవాతం వచ్చాక నేల మీద నా భుజం పట్టుకోనిదే ఆయనకు అడుగు పడదు. నడుంలోతు నీళ్లలో మాత్రం నన్ను వదిలేసి, నాకంటే ముందే అవతలి గట్టు చేరి, "ఏమోయ్, ఇంకా రాలేదా?" అని వెక్కిరిస్తారు. మూసేస్తారన్న సంగతి ఆయనకింకా చెప్పలేదు. నోరు రావడం లేదు.

మీ కాళ్లు పట్టుకుంటాను, సంతకం పెట్టేముందు ఇంకొక్కసారి రండి. చెప్పకుండా రండి. గచ్చు జారుతుంది, గోలగోలగా ఉంటుంది, మీ బట్టలు తడుస్తాయి. ఈసారి ఏదీ శుభ్రం చేయం.

మీ మరదలు