నోరు తెరిచి అడిగిన ఫిల్టరు

ఆదివారం

ముసల్దాని పొట్ట విప్పారు. ముసల్దంటే మా వ్యాను. బేకరీ నుంచి దుకాణాలన్నిటికీ రొట్టెలు మోస్తుంది. నిన్న స్టీరింగు వెనకాల నూనె దీపం ఎర్రగా వెలిగిందట. మెకానిక్ బాబాయి కిందికి దూరి, నల్లటి డబ్బా ఒకటి తిప్పి తీసి, పైకొచ్చి మా అందరినీ కసురుకున్నాడు.

"ఇది ఆయిల్ ఫిల్టరట! ఇంజన్ నూనెలో మురికిని పట్టాల్సింది పోయి, వచ్చిన మురికిని వచ్చినట్టే వదిలేస్తోంది. డూప్లికేటు సరుకు! ఇలాంటిదే ఇంకోటి పెట్టారో, ఇంజన్ పట్టేస్తుంది. తర్వాత నన్ను పిలవకండి."

"తెచ్చింది నువ్వే కదా బాబాయ్!" అన్నారు మా ఆయన.

"అందుకే ఈసారి మీరు తెచ్చుకోండి."

బండి చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పేరు చెబితే ఎవరికీ తెలియదు. ఈ డబ్బా చూపించి, ఇదే కొలతలో మంచిది తీసుకోవాలి. బాబాయి మళ్ళీ వచ్చే ఆదివారం వస్తాడు. అందాకా బండి కదలదు.

అప్పుడు బావగారు, అంటే మా ఆయన అన్నగారు, వరండాలోంచి తీర్పు చెప్పారు. "ఆదివారానికి బాగుపడితే సరే. లేకపోతే పాత ఇనుముకి ఇచ్చేద్దాం. తమ్ముడు మోటారు సైకిలు కొనుక్కుంటాడు."

మోటారు సైకిలా! ఈ ఇంట్లో నేను నోరు విప్పేది వ్యాను ముందు సీట్లోనే. సాయంత్రాలు ఖాళీ ట్రేలు తిరిగి ఇవ్వడానికి ఇద్దరం వెళ్తాం. తలుపు వేసుకోగానే నాకు మాటలొస్తాయి. బేకరీ దాకా ఆగవు. మోటారు సైకిలు మీద ఏం మాట్లాడతాం? సగం గాలికి పోతుంది, సగం హెల్మెట్‌కి తగిలి తిరిగొస్తుంది.

రాత్రి కదలని బండిలోనే కూర్చున్నాం. బండి బాగయ్యేదాకా ఆయన బేకరీలో వేరేవాళ్ళ బళ్ళకి సరుకు ఎక్కించాలట. స్పేర్ పార్టుల షాపు తెరవకముందు వెళ్ళి, మూసేశాక వస్తారు. "నువ్వు తేగలవా?" అన్నారు.

"ఓ! అదెంత పని!" అన్నాను. ముందు సీటు మహిమ.

తీర్మానం: నేనే వెళ్తాను. నా నోటితో అడుగుతాను. మంచిదే తెస్తాను!

సోమవారం

బాబాయి చెప్పిన గుర్తులు వల్లె వేశాను.

చేతిలో బరువుగా ఉండాలి.
రబ్బరు రింగు మెత్తగా ఉండాలి.
రంధ్రంలోంచి చూస్తే లోపలి కాగితం మడతలు దగ్గర దగ్గరగా, సమానంగా ఉండాలి. (కర్టెన్ కుచ్చుల్లాగే! అవి నేనే కుట్టాను. ఈ పరీక్షలో నాకు తిరుగులేదు.)
బండి ఆపినప్పుడు నూనె వెనక్కి జారిపోకుండా లోపల రబ్బరు మూత ఉండాలి.

అన్నీ వచ్చేశాయి! రేపే వెళ్తాను. ఈరోజే వెళ్ళేదాన్ని, కానీ మొదటిరోజే తొందరపడితే బాగోదు.

మంగళవారం

పొద్దున పదకొండుకి బయల్దేరాను. స్పేర్ పార్టుల షాపు మా వీధి చివరే, వాలు దిగితే చాలు. దిగాను. కౌంటరు దగ్గర ఆరుగురు మగవాళ్ళు. ఆరుగురూ తిరిగి చూశారు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు షాపతను. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని కళ్ళజోడు కోసం వెతుక్కుంటున్నాడు.

"ఆ... అది," అన్నాను.

"ఏది?"

వేలు చూపించాను. ఎటు చూపించానో నాకే తెలియదు. ఆయన అటు తిరిగి, కొక్కేనికి వేలాడుతున్నది తీసి ఇచ్చాడు. "ఇదే కదా?"

"అదే," అన్నాను.

బండి తుడుచుకునే స్పాంజి. పసుపు రంగు. పాత డబ్బా సంచిలోనే ఉండిపోయింది.

పరవాలేదు. షాపు చూసొచ్చాను. అది కూడా పనే.

బుధవారం

గొప్ప ఉపాయం! మగవాళ్ళ షాపుకే ఎందుకు వెళ్ళాలి? పక్క వీధిలో ఇంటి సామాన్ల కొట్టు ఉంది. అక్కడ ఉండేది ఒక పెద్దావిడ. అడగడానికి నాకు సిగ్గుండదు. వెళ్ళాను. నోరు తెరిచాను!

"ఆయిల్ ఫిల్టరు ఉందా అండీ?"

"ఎందుకు లేదూ! రకరకాలున్నాయి."

"మంచిది కావాలి. మాది బాగా పాతది."

"నూనె పాతదైతేనేగా తల్లీ వడకట్టేది! తారులా నల్లబడినా ఇది పట్టేస్తుంది. చిన్న నలుసు కూడా కిందికి దిగదు."

ఎంత బాగా తెలుసు ఆవిడకి! ఆవిడ పెట్టెలో పెట్టి కట్టి ఇచ్చింది, నేను విప్పి చూడకుండా ఎగురుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చి విప్పాను. నిగనిగలాడే స్టీలు. సన్నటి జల్లెడ. పక్కన పొడుగ్గా పిడి. పిడి చూసి కూడా ముందు నాకు అనుమానం రాలేదు. కొత్త రకం కాబోలు, తిప్పడానికి వీలుగా ఉంటుంది అనుకున్నాను.

వేపుడు నూనె వడకట్టే గరిట!

అత్తయ్య చూశారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్నానో అమ్మాయ్! ఇద్దరు కొడుకుల్ని కన్నాను, ఒక్కడికీ చెవి లేదు. కోడలివైనా నువ్వు విన్నావు."

ఇంకేం చెప్పను? విన్నానన్నట్టు తలూపాను.

గురువారం

వాన పడేలా ఉంది. పడలేదు. అయినా పడేలా ఉంది.

మధ్యాహ్నం బీరువా ముందు నిలబడి సాధన చేశాను. "ఏమండీ, ఆయిల్ ఫిల్టరు చూపించండి. ఇది వద్దు. మడతలు బాగోలేవు. ఇంకోటి." బీరువా చాలా మర్యాదగా విన్నది.

"వదినా, బీరువాతో బేరమా?" మా ఆడపడుచు గుమ్మంలో. ఎప్పట్నుంచి ఉందో! "దాంతోనే ఇంత గట్టిగా మాట్లాడుతున్నావంటే అన్నయ్య పని అయిపోయినట్టే."

తలనొప్పి వచ్చింది. పడుకున్నాను. రేపు తప్పకుండా.

శుక్రవారం

తలనొప్పి తగ్గింది. కానీ శుక్రవారం షాపులో రద్దీ ఉంటుందేమో. స్పాంజితో బండి తుడిచాను. బండి మెరిసిపోతోంది. కదలదు, అంతే.

రాత్రి ఆయన అడిగారు. "దొరికిందా?"

"చూస్తున్నాను. తొందరపడి నాసిరకం కొనకూడదు కదా!"

"అవునవును," అన్నారు పాపం.

శనివారం

ఇవాళే ఆఖరు! సంచి తీశాను. పాత డబ్బా లేదు!

"ఆ జిడ్డు డబ్బానా? ఇప్పుడే పాత సామాన్ల అతనికి వేసేశాను," అన్నారు అత్తయ్య. "మెరిసే స్టీలుది తెచ్చావుగా, ఇంకా అదెందుకూ?"

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. పాత సామాన్ల తోపుడుబండి వాలు దిగిపోతోంది.

"ఏయ్! ఆగు! ఆగవయ్యా! నా ఫిల్టరు! ఆగకపోతే నీ బండి తలకిందులు చేస్తా!"

ఎవరిదా గొంతు అని చుట్టూ చూశాను. నాదే! వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆ మనిషి బిగుసుకుపోయాడు. గుట్టలో చెయ్యి పెట్టి ఒక నల్లటి డబ్బా లాగి, నా చేతిలో పడేసి, "తీసుకో తల్లీ, నన్నొదిలెయ్," అన్నాడు.

ఆ ఊపు చల్లారకముందే షాపులోకి వెళ్ళాను. మగవాళ్ళు పక్కకి జరిగారు.

"దీని కొలతకి ఆయిల్ ఫిల్టరు! డూప్లికేటు చూపించొద్దు!"

షాపతను మూడు పెట్టాడు. ఒకటి తేలిక, తోసేశాను. ఒకదాని రబ్బరు రాయిలా ఉంది, తోసేశాను. మూడోది కంటికి ఆనించి చూశాను. ఆహా! ఏం కుచ్చులు! మూత ఉంది, రింగు మెత్తగా ఉంది. పాత డబ్బా పక్కన పెడితే తిప్పి బిగించే మర కూడా సరిగ్గా కలిసింది.

"మెకానిక్కువా అమ్మా?" అన్నాడాయన.

"కర్టెన్లు కుడతాను," అన్నాను.

గెలిచాను!!!

ఆదివారం

ఓడిపోయాను.

బాబాయి కొత్త ఫిల్టరు చేతిలో తూచి, లోపలికి చూసి, "సరుకంటే ఇదీ!" అన్నాడు. బావగారి వైపు గర్వంగా చూశాను. బాబాయి బండి కిందికి దూరాడు. చాలాసేపు మూలిగాడు. బయటికొచ్చాడు.

"అమ్మాయ్, నిన్న చూపించిన పాతది ఏదీ?"

ఇచ్చాను.

"ఇది ట్రాక్టర్‌ది తల్లీ! కొత్తది దీనికి దివ్యంగా సరిపోతుంది. ట్రాక్టరొకటి కొనుక్కోండి."

ఆ పాత సామాన్లవాడు! నా కేకకి బెదిరి చేతికందింది ఇచ్చేశాడు!

మా ఆయన నవ్వారు. ఆడపడుచు నేల మీద కూర్చుని నవ్వింది. బావగారు నవ్వలేదు. "సరే, అయిపోయింది. పాత ఇనుము కొనే మనిషికి కబురు పెట్టాను, ఈపాటికి వస్తూ ఉంటాడు," అన్నారు.

వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. టైరు తన్నాడు. తలెత్తి నన్ను చూశాడు.

అతనే!

"అమ్మో! ఇది ఈ తల్లి ఇల్లా?" వెనక్కి నడుస్తూ గేటు దాటాడు. "అయ్యా, మీ ఇంటి ఇనుము నాకొద్దు. డబ్బాకే వీధంతా పరిగెత్తించింది. బండి పట్టుకెళ్తే నన్ను బతకనిస్తుందా?"

బావగారు నా వైపు తిరిగారు. ఇన్నాళ్ళలో ఆయనతో ఒక్క మాట మాట్లాడి ఎరగను. ముందు సీటు తలుపు తెరిచే ఉంది. చటుక్కున ఎక్కి కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టాను.

"బావగారూ, ఇంకొక్క వారం ఇవ్వండి!"

"ఈ అమ్మాయికి మాటలొచ్చా?" అని అత్తయ్యని అడిగారు.

"నాకెప్పుడో తెలుసు," అన్నారు అత్తయ్య, స్టీలు గరిట తుడుచుకుంటూ. "వారమేగా. ఇచ్చెయ్యరా."

ఇచ్చారు!

రాత్రి. ముందు సీట్లోనే కూర్చుని రాస్తున్నాను.

కొత్త తీర్మానం: ట్రాక్టర్ ఫిల్టరు వాపసు ఇచ్చి, మా ముసల్దానిది తేవాలి. 'మార్చి ఇవ్వండి' అనడం కొనడం కన్నా కష్టం, బీరువాతో రెండుసార్లు సాధన చేశాను. ఈసారి నమూనా తారుమారయ్యే ప్రసక్తే లేదు. బండినే షాపుకి తీసుకెళ్తున్నాం. ఇంజన్ అక్కర్లేదు, వీధంతా వాలే. రేపు ఆయన సెలవు పెట్టి స్టీరింగూ బ్రేకూ పట్టుకుంటారు. ఆడపడుచు వెనక నుంచి తోస్తుంది. తిరిగి పైకెలా తేవాలో ఎవరూ ఆలోచించలేదు.

అడిగేది మాత్రం నేనే. షాపు గుమ్మం ముందు బండి ఆపి, సీట్లోంచి దిగకుండా, కిటికీలోంచే అడుగుతాను!