ఖాళీ గడి

మార్చి 4, మంగళవారం

మళ్లీ అదే గది, అదే ప్రొజెక్టర్, భూగోళం బొమ్మ ఉన్న అదే మొదటి స్లైడ్. ఏసీ ఎంత పెట్టారంటే, శాలువా కప్పుకుని మరీ భూమి వేడెక్కడం గురించి నోట్స్ రాసుకున్నాను.

దేశంలోని బొగ్గు కరెంటు ప్లాంట్లను ఏది ముందు, ఏది వెనక మూయాలో తేల్చడం మా ప్లానింగ్ సెల్ పని. బొగ్గు పూర్తిగా మానేసే సంవత్సరాన్ని మాత్రం మంత్రిగారు ఏదో విదేశీ సభలో ముందే ప్రకటించేసి వచ్చారు. పొరుగు దేశం వాళ్లకంటే ఐదేళ్లు ముందట. ఇప్పుడు ఆ ఏడాది నుంచి మేం వెనక్కి లెక్కలు కట్టుకుంటూ రావాలి. ఊరందరినీ భోజనానికి పిలిచేసి, ఇప్పుడు పొయ్యి ఎక్కడుందని వెతుకుతున్నాం.

మార్చి 6

అక్క ఫోన్ చేసింది. బావ పనిచేసే ప్లాంటు మూసేస్తారని బజార్లో అనుకుంటున్నారట. నీ ఆఫీసే కదే, నిజం చెప్పవే అంది. తెలీదన్నాను. నిజంగానే తెలీదు. పాత ప్లాన్‌లో ఆ ప్లాంటు ఆఖర్న ఉంది. ముందు అదే స్థలంలో బ్యాటరీ స్టేషన్ కట్టాలి, పనివాళ్లకు ట్రైనింగ్ ఇవ్వాలి, ఆ తర్వాతే బాయిలర్ ఆర్పాలి. ఆ పేజీ రాసింది నేనే.

బొగ్గు పోవాలి. అందులో నాకు రెండో మాట లేదు. బావ దగ్గు విన్నవాళ్లెవరూ కాదనరు. బావ కూడా కాదనడు. మూసేసుకోండమ్మా, కానీ మర్నాడు పొద్దున్నే నన్నెక్కడికి రమ్మంటారో అది కూడా చెప్పండి అంటాడు.

మార్చి 11, మధ్యాహ్నం

కొత్త జాబితా వచ్చింది. బావ ప్లాంటే మొట్టమొదటిది. వచ్చే ఏడాదే.

మార్చి 11, సాయంత్రం

దొరికింది. మూసే వరస లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కు మేమిచ్చే ఫైల్లో, ఒక్కో ప్లాంటుకు ఎంతమంది ఉద్యోగులో రాయడానికి ఒక గడి ఉంటుంది. బావ ప్లాంటు గడి ఖాళీ. కార్మిక శాఖ వాళ్లు ఇంకా వివరాలు పంపలేదు. అవి వచ్చేదాకా రన్ చెయ్యొద్దని ఎర్ర రంగు కూడా వేసి పెట్టాను. ఎరుపు చూడ్డానికి బాగాలేదని, ఈ లెక్కల కోసం బయటి నుంచి తెచ్చుకున్న కన్సల్టెంట్ దాన్ని తీసేసి రన్ చేశాడు.

ఖాళీ గడిని సాఫ్ట్‌వేర్ సున్నా అనుకుంటుంది. అంటే మనుషులే లేని ప్లాంటు! మూస్తే ఎవరికీ నష్టం లేదు. అన్నిటికంటే చవక. అందుకే ఫస్టు.

అక్కడ ఎవరూ లేరట. మరి మా బావ ఇన్నేళ్లుగా క్యారేజీ పట్టుకుని వెళ్తున్నది ఎక్కడికి?

మార్చి 12

మా సెల్ డైరెక్టర్‌గారికి స్క్రీన్ మీద చూపించాను. మంచి పాయింటేనమ్మా అన్నారు. హమ్మయ్య అనుకున్నాను, పిచ్చిదాన్ని. మంత్రిగారు నిన్ననే ప్లాంటు పేరు పత్రికల వాళ్లకు చెప్పేశారు కదా, ఇప్పుడు మారిస్తే నవ్వులపాలవుతాం అన్నారు. మోడల్ అన్నాక కాస్త అటూ ఇటూ ఉంటుంది మేడమ్ అంటూ కన్సల్టెంట్ నవ్వాడు.

వాడి అటూ ఇటూ మధ్య మా అక్క సంసారం ఉంది. చెంప పగలగొట్టాలనిపించింది. బదులుగా ఒక నోట్ రాసిచ్చి వచ్చాను. చదువుకున్నవాళ్ల కోపం అంతకంటే దూరం పోదు.

మార్చి 13

అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

మార్చి 18

నా నోట్‌కు విలువిచ్చారు. గడి నింపారు. ఖాళీగా ఉండటమే కదా నీ అభ్యంతరం అన్నారు డైరెక్టర్‌గారు, ఏదో ఉపకారం చేసినట్టు.

సున్నా అని నింపారు.

పక్కనే 'వివరాలు సరిచూసినవారు' అన్నచోట నా పేరు. గుర్తించింది నువ్వే కాబట్టి క్రెడిట్ నీకే ఇవ్వమన్నాను అన్నారు. తప్పు చూపిస్తే దిద్దుతారనుకున్నాను. దానికి ఇస్త్రీ చేసి నాకే తొడిగారు. సిగ్గు లేదు. ఒక్కడికీ లేదు.

మార్చి 20

సెలవు పెట్టి అక్కావాళ్లింటికి వచ్చేశాను. అంతా చెప్పాను. అక్క ఏడుస్తుందనుకున్నాను, తిట్టింది. ప్లాంటు గురించి కాదు, ఫోన్ ఎత్తనందుకు. బావ తన చేతులకేసి చూసుకుని, అయితే నేను లేనన్నమాట అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఎవరమూ నవ్వలేదు.

ఎల్లుండి ఇక్కడే ప్లాంటు మూసివేత మీద పబ్లిక్ హియరింగ్, ప్లాంటు వాళ్లంతా వస్తారట. మా ఆఫీసు వాళ్లెవరూ నోరు విప్పకూడదని సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగం ఊడుతుంది జాగ్రత్త అని బావే అన్నాడు. తన ఉద్యోగం పోతుంటే నా ఉద్యోగం గురించి బెంగ ఆయనకు!

మార్చి 22

మైకు దగ్గర పేరు, హోదా చెప్పమన్నారు. వేదిక మీది నుంచి డైరెక్టర్‌గారు కళ్లతోనే కూర్చోమన్నారు.

మీ సున్నాలో ఒకాయనకు మరదల్ని అన్నాను.

వెనక కుర్చీలు జరిగిన చప్పుడు. తిరిగి చూశాను. సున్నా మొత్తం లేచి నిలబడి ఉంది.